గడప తొక్కిన బూటు

నెలల తరబడి నోరు విప్పని నా గడప ఆ మధ్యాహ్నం పలికింది. ల్యాబులో నా బల్ల మీదున్న చిన్న తెరపై పసుపు చుక్క ఒకటి వెలిగి, టింగుమని మోగింది. నేను కుర్చీలోంచి లేచి గంతేశాను. నిజంగానే గంతేశాను. చేతిలో ఉన్న టీ కాస్తా డాక్టర్ లిమ్ గారి తెల్లకోటు మీద ఒలికింది. ఆయన మా ల్యాబుకి పెద్ద. మామూలు రోజైతే కోటు మీద దుమ్ము పడినా ముఖం చిట్లించే మనిషి. ఆ రోజు మాత్రం కోటు సంగతే మరిచిపోయి తెర మీదికి వంగి, “పనిచేసింది నీలవేణీ! నీ రంగు పనిచేసింది!” అని కేక పెట్టారు.

ఏం రంగో, ఏం పనో చెప్పాలి. మేముండే సాగరిక తేలే నగరం. హిందూ మహాసముద్రం నడిమధ్యన ఇనుప తెప్పల మీద ఇనుప అంతస్తులు కట్టి, నానా దేశాల జనాన్నీ తెచ్చి నింపారు. ఆ తెప్పల అడుగున పగుళ్ళు ఎక్కడ పుడుతున్నాయో ముందే పసిగట్టే రంగు కనిపెట్టమని మా ల్యాబుకి పని అప్పగించారు. నేను పసుపుతో మొదలుపెట్టాను. నవ్వకండి. మీ వంటింట్లో పసుపు మీద నీలం దీపం వేసి చూడండి, ఎలా మెరుస్తుందో! ఆ మెరుపునిచ్చే పదార్థాన్ని పట్టుకుని, మూడేళ్ళు కుస్తీపట్టి ఒక రంగు చేశాను. దాని మీద గట్టిగా బరువు పడితే చాలు, పడినదాని ఆకారం, పడిన వేళ, అది ఎటు వాలి పడిందీ అన్నీ ఒక పొరగా గడ్డకట్టిపోతాయి. మళ్ళీ బరువు పడితే దాని మీద మరో పొర. ఉప్పునీళ్ళలో నానబెట్టినా చెక్కు చెదరదు.

సుత్తితో కొట్టి చూశాం, బాగానే ఉంది. ఇక మనుషులు తిరిగే చోట చూడాలి కదా! సాగరికలో ప్రతి ఇంటికీ ఓడల్లోలాగే తలుపు కింద ఎత్తైన ఇనుప గడప ఉంటుంది, అలలు లేచిన రోజున నీళ్ళు లోపలికి రాకుండా. మా ఇంటి గడపకి నా రంగు పట్టీలాగా పూసి, బరువు పడితే ల్యాబు తెరకి కబురు పంపే చిన్న పరికరం పక్కన బిగించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! మా వరసలో ఉన్నవాళ్ళందరం శ్రీకాకుళం వైపువాళ్ళం. మేం గడప తొక్కుతామా? మా దగ్గర పాకే పిల్ల కూడా గడప దాకా వచ్చి ఎత్తుకోమని చేతులు చాస్తుంది. పైగా మా అత్త అప్పలనరసమ్మ ఆ పసుపు పట్టీని చూసి, కోడలికి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని మురిసిపోయి కుంకుమ బొట్లు కూడా పెట్టింది. వేలి ఒత్తిడి నా రంగుకి ఆనదు. దాంతో తెర మీద ఒక్క చుక్క ఉంటే ఒట్టు. “మీ ఇంటికి అసలు మనుషులు వస్తారా?” అని డాక్టర్ లిమ్ గారు అడిగారు. “రోజంతా వస్తారండీ, దాటుకుని వస్తారు” అన్నాను.

అందుకే ఆ చుక్కకి అంత గంతు. ఎవరో మహానుభావులు మా గడప తొక్కారు! తేలికైన బరువు, లోపలికి వాలింది. ల్యాబంతటికీ మిఠాయి నేనే పెడతానని ప్రకటించి, ఎవరికేం కావాలో రాసుకుంటుండగా మళ్ళీ మోగింది. ఈసారి బరువైనది. వెంటనే మరొకటి, ఇంకొకటి, అన్నీ లోపలికే. నేను చప్పట్లు కొడుతూనే ఉన్నాను. కాసేపటికి బరువైన చుక్కలే మళ్ళీ వరసగా, బయటికి వాలి వచ్చాయి. అప్పుడు నా చేతులు ఆగిపోయాయి. మా ఇంటికి వచ్చేవాళ్ళెవరూ గడప తొక్కరు. మరి ఇంత బరువైన కాళ్ళు ఎవరివి?

ఇంటికి ఫోను చేశాను. ఎత్తలేదు. మా ఆయన ఆ నెల కేబుళ్ళు వేసే ఓడ మీద ఉన్నాడు. ఇంట్లో ఉండేది అత్త, మరిది గవరయ్య. నగరం అడుగున మునిగి వెల్డింగు చేసే గవరయ్యకి నివాస కార్డు గడువు తీరిపోయింది. పొడిగింపుకి ఎప్పుడో పెట్టుకున్నాడు, ఆఫీసువాళ్ళు ఇంకా తేల్చలేదు. ఆ మాట తలపుకి రాగానే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. టీ కప్పు డాక్టర్ లిమ్ గారి చేతిలో పెట్టి పరుగు తీశాను.

మా వరసలోకి తిరిగేసరికి అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఒక చేత్తో బకెట్టు, ఇంకో చేత్తో చీపురుకట్ట పట్టుకుని గడప ముందు నిలబడి ఉంది. బకెట్లో చాకలి సోడా కలిపిన వేణ్ణీళ్ళు పొగలు కక్కుతున్నాయి. నా రంగు సముద్రానికి లొంగదు గానీ సోడాకీ సున్నానికీ లొంగిపోతుంది. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని తెలియనిదెవరికి? అలా ఎర్రబడితే పొరలన్నీ చచ్చిపోతాయి.

“అత్తా, ఆగు!” అని అరిచి బకెట్టు లాక్కున్నాను. సగం నీళ్ళు నా కాళ్ళ మీదే పడ్డాయి.

“ఓలమ్మో, వొదులే! బూటుకాళ్ళతోటి గడప తొక్కీసినారే ముష్టి యెదవలు! లచ్చిందేవి గడపే! కడగొద్దేటి?” అని ఇంతెత్తున లేచింది. మరుక్షణం నా భుజం మీద తల వాల్చి గొల్లుమంది. “గవరయ్యని పట్టుకుపోనారే నీలవేణీ.”

నేనామెని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. మా అత్త నోట్లో నువ్వుగింజ నానదు. ఏడుస్తూ కూడా చెప్పడం ఆపని మనిషి. తనిఖీ దళం వాళ్ళు ముగ్గురు వచ్చారట. వచ్చి తలుపు కొట్టారు.

“సెల్వం బాబు ఆదివారం ఆదివారం సెప్పినట్టే సేసినానే. తలుపు తియ్యకండానే అడిగినాను, జడ్జీ సంతకమెట్టిన కాయితం ఉన్నాదా, ఉంటే తలుపు కిందనుంచి తొయ్యండి, ఎవుడి పేరుందో సూపించి సదివించుకుంటానని. ఆళ్ళకాడ కాయితం నేదు. ఎల్లిపోతారనుకున్నాను. అంతలో ఆ కెప్టెనోడు, ‘అమ్మా, ఎండకి గొంతు ఎండిపోతోంది, కాసిన్ని మంచినీళ్ళు ఇవ్వమ్మా’ అన్నాడే! తెలుగులోన అన్నాడు. నీళ్ళడిగినోడికి నేదనేస్తానేటే? తలుపు తీసి, ‘అక్కడే ఉండండి, నోపలికి రాకండి, తెస్తన్నాను’ అని ఎళ్ళినాను. గళాసు నింపి ఇటు తిరిగేసరికి ముగ్గురూ నట్టింట్లో ఉన్నారు. గుంటడు డూటీ దిగొచ్చి పడుకున్నాడు. మంచం మీద నుంచి లాగీసినారు.” ముక్కు చీది, కాస్త గర్వంగా, “అంత లాగుతున్నా మన గవరయ్య గడప తొక్కనేదే. దాటే ఎళ్ళినాడు” అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా భాషలో ఆ ఒక్క వాక్యమే వాళ్ళు నేర్చుకుని వచ్చారన్నమాట. ఏ గుమ్మం ముందు ఏం అడిగితే తలుపు తెరుచుకుంటుందో కనిపెట్టి మరీ వచ్చారు.

అంతలో సెల్వం వచ్చాడు. మా ఎదురుగా బట్టలు కుట్టే తమిళాయన. ఆదివారాలు మంచినీళ్ళ ట్యాంకు దగ్గర అందరినీ కూర్చోబెట్టి నగర పత్రంలో మన హక్కులేమిటో పాఠం చెబుతాడు. అత్త ఆ పాఠానికి టీ కోసమూ కబుర్ల కోసమూ వెళ్ళేది. అయినా చాలానే వంటబట్టింది, ఆ నీళ్ళ దగ్గర తప్ప.

“నేను వీడియో తీశానక్కా” అన్నాడు సెల్వం. అరుపులు వినగానే ఫోను పట్టుకుని, పాఠంలో తాను చెప్పినట్టే, దూరంగా గోడకి ఆనుకుని నిలబడ్డాడట. అడ్డం వెళ్ళలేదు, ఒక్క మాట తూలలేదు. వెనక్కి పొమ్మంటే వెనక్కి జరిగాడు గానీ తియ్యడం ఆపలేదు. ఈ రోజు ఏ రోజో, ఇది ఏ వరసో, వాళ్ళ చొక్కాల మీదున్న నంబర్లేమిటో తనే పైకి చదివాడు. ఆ వీడియోని ఎక్కడా పెట్టకుండా నేరుగా మా దగ్గరికి తెచ్చాడు. “నలుగురిలో పెడితే ముందు దొరికిపోయేది మనవాళ్ళ ముఖాలే కదా” అన్నాడు.

మనిషి బంగారం. కానీ ఆ వీడియోలో మా తలుపు కనిపించలేదు. మధ్యలో నీళ్ళ గొట్టం అడ్డం వచ్చింది. గవరయ్యని నడవాలో నడిపించుకుపోవడం మాత్రమే కనిపించింది. అదే మా కొంప ముంచింది. నగర పత్రం ప్రకారం జడ్జి ఆర్డరు లేకుండా ఇంట్లో దూరి ఎవరినీ పట్టుకోకూడదు, పట్టుకుంటే వదిలెయ్యాలి. నడవాలో దొరికితే మాత్రం కార్డు లేనివాణ్ణి ఆ సాయంత్రం ఓడే ఎక్కించి పంపించెయ్యొచ్చు. మనిషి నడవాలోనే దొరికాడనీ, ఏ ఇంటి గడపా దాటలేదనీ కెప్టెన్ అప్పటికే సంతకం చేసి ఇచ్చేశాడట. నడవా కెమెరా ఏమో రిపేరులో ఉంది.

“సాక్ష్యం లేదక్కా. అమ్మ మాట ఒకవైపు, ముగ్గురి మాట ఒకవైపు” అన్నాడు సెల్వం.

“ఉంది!” అని నేను లేచి నిలబడ్డాను. దుఃఖంలో కూడా నవ్వొచ్చింది నాకు. “గడప ఉంది సెల్వం! వాళ్ళు తొక్కారు!”

ఆ తర్వాత మా హడావుడి చూడాలి. పట్టీని ఒలిచేటప్పుడు మొదటినుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తియ్యాలని సెల్వం పట్టుబట్టాడు. మధ్యలో మేమేమీ చెయ్యలేదని రేపు ఎవరైనా అడిగితే చూపించాలి కదా. నేను పల్చని కత్తితో పట్టీని ఒక్క ముక్కగా లేపుతుంటే అత్త ఊపిరి బిగబట్టి చూసింది. గాజు పలకల మధ్య పెట్టి, ముగ్గురం వేలిముద్రలేసి, ల్యాబుకి పరిగెత్తాం. దారిలోనే నేను ఫోను చేసి చెప్పడంతో డాక్టర్ లిమ్ గారు పొరలు చదివే యంత్రాన్ని వేడిచేసి సిద్ధంగా ఉంచారు. ఆయన కోటు ఇంకా టీ మరకతోనే ఉంది.

తెర మీద మొదట మెరిసింది బూటు. అబ్బ, ఏం అందంగా వచ్చింది! మడమ ముందు ఆని, వేళ్ళవైపు బరువు జరిగి, లోపలికి వెళ్ళిన బూటు. అడుగున గళ్ళు, ఒక గడిలో ఇరుక్కున్న గులకరాయి కూడా కనిపించింది. వేళ కూడా పక్కనే ఉంది, సెల్వం వీడియో మొదలవడానికి కాస్త ముందు. నేను అత్తని పట్టుకుని గిరగిరా తిప్పేశాను. గవరయ్య వచ్చేసినట్టే అనుకున్నాను.

“అన్నిటికంటే అడుగున ఇంకొకటి ఉంది” అన్నారు డాక్టర్ లిమ్ గారు.

అది ఒట్టికాలు. చిన్న పాదం, వేళ్ళు విడివిడిగా, పరుగులో పడినట్టు ముందు భాగం మాత్రమే లోతుగా దిగింది. నాకు మొదటి చుక్క గుర్తొచ్చింది. అత్త వైపు చూశాను. ఆమె చూపు తిప్పేసుకుంది.

“ఎవరిదత్తా?”

“ఫారాదే” అంది మెల్లిగా.

ఫారా కింది అంతస్తులో ఉండే మడగాస్కర్ పిల్ల. అత్తతో కలిసి ఎండుచేపలు ఆరబెడుతుంది, అత్త దగ్గరే తెలుగు నేర్చింది. గవరయ్యకి కార్డు గడువు తీరింది, ఫారాకి అసలు కార్డే లేదు. దొరికితే ఆ రోజే ఓడ. దళం మెట్లెక్కడం చూసి భయపడి మా ఇంట్లోకి పరిగెత్తుకొచ్చిందట. అత్త దాన్ని బియ్యం డ్రమ్ముల వెనక దాచి తలుపు వేసింది. వాళ్ళు వచ్చి తలుపు కొట్టింది ఆ తర్వాత.

“ఆ ఒక్క పొర తీసెయ్యకూడదా అక్కా?” అన్నాడు సెల్వం.

కుదరదు. పొరలన్నీ ఒకదానిలో ఒకటి ముడిపడి ఉంటాయి. ఒకటి గీకితే అన్నీ చెదిరిపోతాయి, అప్పుడిక ఎవరూ నమ్మరు. నా రంగు గొప్పతనమే అది. తొక్కినవాళ్ళందరినీ పట్టిస్తుంది, దొంగనీ దొరనీ చుట్టాన్నీ వేరు చెయ్యదు. మూడేళ్ళలో ఈ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. సిగ్గనిపించింది, భయమూ వేసింది. దీన్ని కోర్టులో పెడితే మరిది వస్తాడు, ఫారా పాదం వాళ్ళ కళ్ళబడుతుంది. పెట్టకపోతే సాయంత్రానికి మరిది ఓడ మీద ఉంటాడు.

“దాన్నడగాలే. అడగకండా ఎట్టకూడదు” అంది అత్త.

మళ్ళీ ఇంటికి వెళ్ళాం. ఫారా ఇంకా డ్రమ్ముల వెనకే, మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. సంగతంతా చెప్పాను. నేలకేసి చూస్తూ, “గడప తొక్కీసినాను, పిన్నీ. ఎప్పుడూ తొక్కనేదు. ఇయ్యాల బయమేసింది” అంది అత్తతో. మా ఇంటి మనిషి పోతుంటే ఆ పిల్ల గడప గురించి క్షమాపణ చెబుతోంది! ఫారా తలెత్తి, “నా అడుగు తీసుకెళ్ళండి. పేరు మాత్రం నాకాడే ఉంచండి” అంది.

ఓడ ఎక్కించేముందు మా మాట వినమని సెల్వం కోర్టులో అర్జీ పెట్టించాడు. కోర్టు గది చిన్నది, జనం ఎక్కువ. జడ్జి ఒన్యాంగో గారు నెరిసిన జుట్టావిడ, పెద్ద కళ్ళజోడు. బల్ల మధ్యలో దుబాసీ పెట్టె ఒకటి ఉంది. ఎవరు ఏ భాషలో మాట్లాడినా అందరికీ అర్థమయ్యేలా చెబుతుంది. కెప్టెన్ వాస్కో నున్నగా దువ్విన క్రాపుతో నిలబడి తన సంతకం కాగితం చదివించాడు. మనిషి నడవాలో దొరికాడు, మేము ఏ ఇంట్లోకీ వెళ్ళలేదు.

నీళ్ళడిగి ఎలా దూరారో నేనే చెప్పి, గాజు పలకలు బల్ల మీద పెట్టాను. సెల్వం తీసిన రెండు వీడియోలూ చూపించాం. డాక్టర్ లిమ్ గారు యంత్రాన్ని మోసుకొచ్చి తెర వెలిగించారు. బూటు మెరవగానే గదంతా గుసగుసలు. జడ్జి గారు కళ్ళజోడు సర్దుకుని, “కెప్టెన్ గారూ, కాలు ఎత్తండి” అన్నారు.

నా జన్మలో అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. అంత పెద్ద మనిషి ఒంటికాలి మీద నిలబడి, కుర్చీ పట్టుకుని, బూటు అడుగు చూపించాడు. అవే గళ్ళు. గులకరాయి ఇంకా అందులోనే ఉంది.

దొంగకి తేలు కుట్టినట్టయింది. అయినా తేరుకున్నాడు. “సరే, లోపలికి వెళ్ళాం. ఆ కాగితం తొందరలో రాసింది. కానీ ఎందుకు వెళ్ళాం? అదిగో, కింద ఒట్టికాలు చూడండి. పారిపోతున్న మనిషిని తరుముతూ వెళ్ళాం. తరుముతూ వెళ్ళేవాళ్ళకి ఆర్డరు అక్కర్లేదని మీ పత్రంలోనే ఉంది. అలా వెళ్ళినప్పుడు లోపల కార్డు లేనివాడు కనిపిస్తే పట్టుకోవచ్చు.”

నేను తెచ్చిన సాక్ష్యమే మా మీదికి తిరిగింది.

“ఎవరిని తరిమారు?” అన్నారు జడ్జి గారు. “ఆడా, మగా? పేరు? బట్టలు?”

వాళ్ళు ఫారాని చూడనే లేదు. కెప్టెన్ అత్త వైపు తిరిగాడు. గొంతు తియ్యగా చేసి, “ఈ అమ్మకి తెలుసు. ఈమె ఇంట్లోకే కదా పరిగెత్తింది! అమ్మా, ఆ కాలు ఎవరిదో ఒక్క పేరు చెప్పండి. చెబితే మీ అబ్బాయిని నేనే ఇప్పుడే వదిలేస్తాను. మీ ముందే సంతకం పెడతాను” అన్నాడు.

జడ్జి గారు అత్తతో, “అమ్మా, మీరు చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. చెప్పకపోతే అది మీ తప్పని ఈ కోర్టు అనుకోదు” అన్నారు. పెట్టె ఆ మాటలని తెలుగులో చెప్పి, అత్త జవాబు కోసం ఎర్రదీపం వెలిగించి కూర్చుంది.

అత్త కుర్చీలో ముందుకి జరిగింది. పక్కింట్లో కూర ఏమిటో ఊరంతటికీ చెప్పే మనిషి, నిద్రలో కూడా మాట్లాడే మనిషి. రేవులో ఓడ మొదటి కూత వేసింది. గవరయ్య ఆ ఓడ పక్కన గదిలోనే ఉన్నాడు. నిజం చెబుతున్నాను, ఫారా పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించుకున్నాను. అత్త కొంగు ఉండచుట్టి నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళ వెంట ధారలు కారుతున్నాయి, భుజాలు అదురుతున్నాయి. గొంతులోంచి చిన్న మూలుగు కూడా రాలేదు. ఓడ రెండో కూత వేసింది. పెట్టె ఎర్రదీపం అలాగే వెలుగుతోంది.

“చాలు” అన్నారు జడ్జి గారు. కెప్టెన్ వైపు తిరిగి, “వెళ్ళలేదని సంతకం పెట్టారు. బూటు దొరికాక వెళ్ళామన్నారు. ఎవరిని తరిమారంటే చెప్పలేకపోయారు. తరిమిన మనిషి పేరు తరిమినవాళ్ళు చెప్పాలి, తలుపు తీసిన తల్లిని అడిగి తెలుసుకోవడం కాదు. నీళ్ళు తెస్తాను ఉండమంటే లోపలికి రమ్మని కాదు. గవరయ్యని వెంటనే వదిలెయ్యండి” అని తీర్పు రాసి, మా పట్టీ మాకు తిప్పి ఇచ్చేశారు.

నేను సెల్వాన్నీ డాక్టర్ లిమ్ గారినీ ఒకేసారి కావలించుకున్నాను. ఆ సంబరంలో ఉండగానే కెప్టెన్ నా పక్కకి వచ్చాడు. నవ్వుతూనే ఉన్నాడు. “అద్భుతమైన రంగమ్మా మీది. నగరంలో ప్రతి గడపకీ పూయిస్తే ఎవరింటికి ఎవరు వస్తున్నారో మాకు క్షణంలో తెలిసిపోతుంది. ముందు ఆ పట్టీ ఇలా ఇవ్వండి. ఆ ఒట్టికాలితో మాకు పనుంది.”

నా సంబరం ఎక్కడిదక్కడ ఎగిరిపోయింది. తన మనసులో మాట అతనే చెప్పేశాడు. ఊళ్ళో ఉన్న గడపలన్నీ వీళ్ళకి వేగులవుతాయి! నేను పలకలని గుండెకి హత్తుకుని, “ఆర్డరు తెచ్చుకోండి. జడ్జి గారి సంతకంతో” అన్నాను.

అతను గిరుక్కున తిరిగి జడ్జి గారి గది వైపు నడిచాడు. తెచ్చుకోవడానికి ఎంతసేపు పడుతుంది? నేను అత్తని చూశాను. ఆమె బొడ్డులోంచి తాంబూలం సంచి తీసి, సున్నం డబ్బా మూత విప్పి నా ముందు పెట్టింది. సెల్వం తన సీసాలో నీళ్ళు దాని మీద ఒంపాడు.

“మూడేళ్ళు, నీలవేణీ” అన్నారు డాక్టర్ లిమ్ గారు. ప్రపంచం నమ్మడానికి మా దగ్గరున్న నమూనా అదొక్కటే. ఇక తెప్పల కంపెనీవాళ్ళు డబ్బు ఆపేస్తారు, ల్యాబు ఉంటుందో లేదో తెలియదు. అయినా ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. పలకలు విప్పే సన్న కత్తిని జేబులోంచి తీసి ఇచ్చారు.

పట్టీని సున్నపు నీళ్ళలో ముంచాను. పసుపు అంచుల నుంచి ఎర్రబడుతూ, బొట్టుబొట్టుగా వ్యాపించి, చూస్తుండగానే ముద్దగా మారిపోయింది. బూటూ పోయింది, పాదమూ పోయింది. నాకు ఏడుపొచ్చింది, గట్టిగా నవ్వూ వచ్చింది. ఆ రంగు మళ్ళీ చేస్తాను. ఇంటివాళ్ళ చెయ్యి తగిలితే తప్ప పలకని రంగు చేస్తాను. ఎన్నేళ్ళు పడితే అన్నేళ్ళు!

కెప్టెన్ ఆర్డరు కోసం ఇంకా జడ్జి గారితో వాదిస్తుండగానే గవరయ్యని తీసుకొచ్చారు. లుంగీ మీదే ఉన్నాడు, ఒంటి మీద ఎవరిదో చొక్కా. మమ్మల్ని చూడగానే ముఖం విచ్చుకుంది.

“వొదినా! ఎలా సేసినారే ఇదంతా?” అని, తల్లి దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకున్నాడు. “అమ్మా, కోర్టులోన ఏటి సెప్పినావే? నువ్వు నోరిప్పితే జడ్జీ కూడా బయపడుంటాది!”

అత్త తల అడ్డంగా ఊపింది. కొంగు నోటి నుంచి తీసింది. పెదవి మీద పళ్ళు దిగిన చోట నెత్తురు కనిపించింది.

“ఏటీ సెప్పనేదురా” అంది. “ఫారా పేరు సెప్పీస్తే నిన్నొదిలేస్తానన్నాడు ఆ కెప్టెనోడు. సెప్పనేదు. ఓడ కూతేసింది. అప్పుడూ సెప్పనేదు. నీకోసం కూడా సెప్పనేదురా నాయినా.” వాడి చొక్కా రెండు చేతులతో పట్టుకుని బావురుమంది.

గవరయ్య నవ్వు ఆగిపోయింది. తల్లి తలని గుండెకి ఆనించుకున్నాడు.

“సెప్పీసుంటే,” అన్నాడు, “నానింటికి రాకపోదునమ్మా.”